బల్లక్రింది అద్దము

పేకాట ఆడుటలో ఎంత రుచి యున్నను, ఇతరులు ఆడుచుండగా దూరమునుండి చూచుటంత నీరసమైన పని వేరొకటి లేదని టెలివిజన్ వారు చాలకాలము నమ్మియుండిరి. ఆ నమ్మకము నిరాధారమని చెప్పుటకును వీలులేదు. క్రికెట్టులో బంతి అందరికిని కనబడును. చదరంగములో బలములన్నియు బల్లమీదనే యుండును. కుస్తీలో ఎవరు పైనున్నదియు ఎవరు క్రింద పడినదియు పసివానికైనను తెలియును. పేకాటలో మాత్రము ఆటయొక్క ప్రాణమంతయు బోర్లించిన ముక్కలలో దాగియున్నది. కొందరు మనుష్యులు నల్లకళ్ళద్దములు పెట్టుకొని, ముందున్న బిళ్ళలను వ్రేళ్ళతో కదలించుచు, ఎప్పుడో ఒకమారు పెదవి విప్పుచు కూర్చుండిన దృశ్యమును గంటలకొలది చూపినయెడల, చూచువాడు లేచిపోవుటయే న్యాయము. మన ఊళ్ళలో అరుగుమీద పేకాట సాగుచుండగా చుట్టును మూగినవారు సైతము ఎవడో ఒక ఆటగాని భుజము వెనుక చోటు సంపాదించుకొని, వాని చేతిలోని ముక్కలు చూచుచు, వాని ఆశలోను వాని భయములోను పాలుపంచుకొనుటకే యత్నింతురు గాని, ఎవరి ముక్కలును కనబడని చోట నిలువరు.

అమెరికా దేశమున నెవాడా రాష్ట్రములోని లాస్ వేగాస్ నగరమందు బెన్నీ బినియన్ అను కాసినో యజమాని, తన హార్స్‌షూ కాసినోలో 1970వ సంవత్సరమున ‘వరల్డ్ సీరీస్ ఆఫ్ పోకర్’ అను పోటీని ఆరంభించెను. మొదటియేడు విజేతను ఆటగాండ్రే ఓటు వేసి ఎన్నుకొనిరి. జానీ మాస్ అను వృద్ధుడు ఎన్నికయ్యెను. జూదగాండ్రు ఓటు వేసి తమలో ఉత్తముని నిర్ణయించుట లోకమున అపూర్వమే గాని, చూడవచ్చినవారికి అందేమియు రసము లేదు. కావున మరుసటి యేటినుండి, అందరును సమానముగ బిళ్ళలు కొని, అవి పోగొట్టుకొన్నవారు లేచిపోవగా తుదకు ఒక్కడు మిగులువరకు ఆడు పద్ధతి వచ్చినది. 1973లో సీబీఎస్ అను టెలివిజన్ సంస్థవారు ఈ పోటీని చిత్రీకరించిరి. తరువాత మూడు దశాబ్దములు, ఈ ఆట టెలివిజన్‌లో ఉన్నదనిపించుకొనుచు, లేనట్లే యుండెను.

ఈ పోటీలో ప్రధానమైన ఆట ‘టెక్సాస్ హోల్డెమ్’. దీని నియమములు కొలది వాక్యములలో చెప్పవచ్చును. ఒక్కొక్కనికి రెండేసి ముక్కలు బోర్లించి పంచుదురు. అవి వానికి దప్ప అన్యులకు తెలియవు. పిమ్మట బల్లనడుమ, అందరికిని సమానముగ చెందు అయిదు ముక్కలను, మొదట మూడు, తరువాత ఒకటి, ఆ తరువాత మరియొకటి చొప్పున వెల్లకిల వేయుదురు. పంచిన వెంటనేయు, ఈ మూడు ఘట్టములలో ప్రతిదానికి పిదపను, పందెము వేయుటకో, పెంచుటకో, సరిపెట్టుటకో, ముక్కలు పడవేసి తప్పుకొనుటకో ఆటగానికి అవకాశ మున్నది. కడవరకు ఇద్దరుగాని అంతకు మించిగాని నిలిచినయెడల, తన రెండింటిని బల్లమీది అయిదింటిని కలిపి, ఆ ఏడింటిలో మేలైన అయిదింటి కూర్పు ఎవనికున్నదో వానికి కుప్ప దక్కును; తక్కినవారందరును తప్పుకొన్నచో, మిగిలిన ఒక్కనికి ముక్కలు చూపవలసిన పనియైన లేకుండ దక్కును. ఈ కడపటి వాక్యఖండమునందే ఆటయంతయు నున్నది. పాఠకులు దానిని మనస్సున నుంచుకొందురుగాక.

చూచువాని కన్నులకు ముక్కలు కనబడునట్లు చేసినవాడు హెన్రీ ఆరెన్‌స్టైన్. ఆయన 1923లో పోలండులో పుట్టిన యూదుడు. నాజీల నిర్బంధ శిబిరములలో మృత్యుముఖమున నుండగా, శాస్త్రజ్ఞులును గణితజ్ఞులును పేర్లిచ్చుకొనవలెనని ఒకనాడు ప్రకటన వచ్చెను. తాను ఆ రెండును కాకపోయినను ఆయన తన పేరును తోబుట్టువుల పేర్లను ఇచ్చివేసెను. తీరా చూడగా ఆ శాస్త్రబృందమే, యుద్ధరంగమునకు పోవుట తప్పించుకొనుటకై జర్మను ఆచార్యులు కొందరు కల్పించిన బూటకము. ఒక బుకాయింపునకు మరియొక బుకాయింపు ఎదురై రెండు పక్షములకును ప్రాణరక్షణ కలిగించిన ఈ ఉదంతము వంటిది పోకర్ చరిత్రలో లేదు. ఆయన 1947లో అమెరికా చేరి బొమ్మల పరిశ్రమలో ధనికుడయ్యెను. ట్రాన్స్‌ఫార్మర్స్ అను మారురూపుల బొమ్మలను జపానునుండి అమెరికా పిల్లల చేతికి తెచ్చుటలో ఆయన పాత్ర పెద్దది. పేకాటయందును ఆయనకు ప్రావీణ్యముండెను. టెలివిజన్‌లో పోకర్ చూచి విసిగి, ప్రతి ఆటగాని ముందును బల్లలో ఒక చిన్న కెమెరా అమర్చి, వాని రహస్యపు ముక్కలు ప్రేక్షకులకు మాత్రమే కనబడునట్లు చేయు ఉపాయమునకు ఆయన 1995లో పేటెంటు పొందెను.

1999లో బ్రిటనులోని చానెల్ ఫోర్ వారు కార్డిఫ్ నగరమున చిత్రించిన ‘లేట్ నైట్ పోకర్’ కార్యక్రమమున బల్లలోనే అద్దపు పలకలు అమర్చి, వాటి క్రింద కెమెరాలు పెట్టిరి. 2003 మార్చిలో అమెరికాలో ‘వరల్డ్ పోకర్ టూర్’ ప్రసారము ఆరంభమైనది. ఆ రోజులలోనే వరల్డ్ సీరీస్ ప్రసారములోనికిని బల్లకెమెరా వచ్చినది. అటుపిమ్మట కెమెరాలకు బదులు, ముక్కలోపలనే సూక్ష్మమైన రేడియో చిప్పు పొదిగి, బల్లపైనుంచగానే దాని గుర్తు గ్రహించు పద్ధతి అమలులోనికి వచ్చినది. ముక్కలు బయటపడుచున్నవి గావున, ప్రత్యక్ష ప్రసారమని పేరు పెట్టినదానిని సైతము కొంత ఆలస్యముగ చూపుట ఆచారమైనది. లేనిచో ప్రేక్షకులలో ఒకడు సైగచేసి ఆటగానికి తోడ్పడుటకు ఎంతసేపు పట్టును? ఆలస్యములన్నిటికిని మించినది 2008 మొదలు 2016 వరకు జరిగినది: జులైలో తొమ్మిదిమంది మిగులువరకు ఆడించి, ఆట ఆపి, వారిని ఇండ్లకు పంపి, మునుపటి ఆటలన్నియు టెలివిజన్‌లో చూపిన పిదప అక్టోబరు చివరనో నవంబరులోనో తుదియాట ఆడించిరి. చూపువారి సౌకర్యమునకై ఆట మూడు నాలుగు నెలలు ఆగుట మరి ఏ క్రీడలోనైన జరిగియుండునా అని నాకు సందేహము.

ఇట్లు ముక్కలు కనబడుటతోడనే, వాటి ప్రక్కన మరియొకటి కూడ కనబడసాగెను: ఒక్కొక్క ఆటగాని పేరునకు ప్రక్కన గెలుపుశాతము. ఈ శాతము జోస్యము కాదు, నిపుణుని అభిప్రాయమును కాదు, కేవలము లెక్క. పేకదస్తాలో ఏబదిరెండు ముక్కలు. అందుండి రెండు ముక్కల జతలు 1,326 ఏర్పడగలవు. ఇద్దరాటగాండ్ర నాలుగు ముక్కలును తెలిసిన పిదప మిగిలినవి 48. వాటినుండి బల్లమీదికి రాగల అయిదింటి కూర్పులు 17,12,304. యంత్రము ఈ పదునేడు లక్షల పైచిలుకు బల్లలను ఒక్కొక్కటిగ పరచి, ఎవరు ఎన్నింట గెలిచిరో లెక్కించి చెప్పును; మనుష్యునికి ఏండ్లకొలది పట్టు ఈ పనిని కన్నుమూసి తెరచునంతలో ముగించును. తొమ్మిదిమందికి పంచిన పదునెనిమిది ముక్కలును కెమెరాకు తెలిసినయెడల, తప్పుకొన్నవారి ముక్కలను గూడ తీసివేయవచ్చును గావున, పని మిక్కిలి తగ్గును: 34 ముక్కలనుండి 2,78,256 కూర్పులు మాత్రమే.

ఆటను నడుమ ఆపినయెడల ఎవరికెంత చెందవలెను? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1654లో ఫ్రాన్సు దేశమున పాస్కల్, ఫెర్మా అను ఇరువురు గణితజ్ఞులు ఒకరికొకరు వ్రాసికొన్న లేఖలకు మూలమిదియే. ముందుగ ఇన్ని ఆటలు గెలిచినవానికి సొమ్మంతయు అని నిర్ణయించుకొని ఆడుచున్న ఇద్దరు మధ్యలో లేచిపోవలసివచ్చినచో పందెపు సొమ్మును ఎట్లు పంచుకొనవలెను? ఇంతవరకు గెలిచినదానిని బట్టి గాక, ఇకముందు జరుగగల వన్నియు లెక్కించి పంచవలెనని వారిరువురును వేరువేరు మార్గముల తేల్చిరి. సంభావ్యతాశాస్త్రమునకు పునాది అక్కడ పడినదని చెప్పుదురు. లాస్ వేగాస్ తెరమీద మెరయు అంకె ఆ ప్రశ్నకు సమాధానమే; కుప్పను ఈ క్షణమున న్యాయముగ పంచినచో ఎవరి వాటా యెంతయో అది చెప్పును. జూదమునకును గణనమునకును గల ఈ చుట్టరికము మన వాఙ్మయమునకు తెలియనిది కాదు. ఆరణ్యపర్వమందలి నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కొమ్మల ఆకులను కాయలను రథముపైనుండియే లెక్కచెప్పగా, నలుడు నమ్మక రథమాపి లెక్కించి, ఆ గణనవిద్యతోపాటు అక్షహృదయమును గ్రహించెను. ఈ రెండు విద్యలను ఋతుపర్ణుడను ఒకే రాజునందు నిలిపిన కథకుడు వీటి బంధుత్వమును ఎరిగియే నిలిపెనని నేను తలంతును.

అయితే తెరమీది అంకె ఎంత సత్యమైనదో అంత భ్రామకమైనది. 2003 నాటి తుదియాటలో ఇది తేటతెల్లమైనది. అప్పటికి 839 మంది పదేసివేల డాలర్ల ప్రవేశరుసుముతో దిగిన పోటీలో ఇద్దరే మిగిలియుండిరి: ఒకడు శామ్ ఫర్హా అను అనుభవశాలియైన జూదరి, రెండవవాడు టెనెసీ రాష్ట్రమునుండి వచ్చిన క్రిస్ మనీమేకర్ అను అకౌంటెంటు, ఇంటర్నెట్టులో 86 డాలర్ల చిన్నపోటీ గెలిచి ఇంతవరకు వచ్చినవాడు. ఒక ఆటలో మనీమేకర్ చేతికి ఇస్పేటు రాజును ఆఠీను ఏడును, ఫర్హా చేతికి ఇస్పేటు రాణియు ఆఠీను తొమ్మిదియు వచ్చినవి. బల్లమీద పడిన మొదటి మూడు ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు. ఫర్హాకు తొమ్మిదుల జత కుదిరినది. నాలుగవది ఇస్పేటు ఎనిమిది. ఇప్పుడు లెక్క చూడుడు. ప్రేక్షకునికి ఎనిమిది ముక్కలు కనబడుచున్నవి, మిగిలినవి 44. వీటిలో మరియొక ఇస్పేటు పడినచో ఇద్దరికిని అయిదేసి ఇస్పేటులు కుదిరినను రాజు రాణికంటె అధికము గావున మనీమేకర్ గెలుచును, అట్టివి ఎనిమిది. ఇస్పేటు గాని అయిదైనను పదియైనను పడినచో వానికి వరుస కుదురును, అట్టివి ఆరు. మిగిలిన రాజులు మూడు. వెరసి పదునేడు. 44లో 17 అనగా నూటికి 39కి కొంచెము తక్కువ. అయిదవ ముక్క ఆఠీను మూడు పడినది. వరుసయు లేదు, అయిదు ఇస్పేటులును లేవు, జతయైనను లేదు. తెరపై మనీమేకర్ శాతము సున్న, ఫర్హాది నూరు.

ఆ సున్న శాతపువాడు తన బిళ్ళలన్నియు ముందుకు నెట్టివేసెను. ఫర్హా చాలసేపు ఆలోచించి, ఎదుటివాని మొగము చూచి, తన తొమ్మిదుల జతను పడవేసి తప్పుకొనెను. కుప్ప మనీమేకరునకు దక్కెను. కొంతసేపటికి పోటీయు 25 లక్షల డాలర్ల బహుమతియు దక్కినవి. లక్షలాది ప్రేక్షకులు ఈ దృశ్యమును మరల మరల చూచి, సున్న ఎట్లు గెలిచెనని ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. గెలువవచ్చును, ఏలయన ఆ శాతము, ఎవరును తప్పుకొనక నిలిచినచో ఎవరు గెలుతురను ప్రశ్నకు మాత్రమే సమాధానము, తప్పుకొనుట అను మాటయే ఆ లెక్కలో లేదు. ఆటయందలి ప్రధానమైన ఆయుధమును లెక్కలో చేర్చకుండనే ఆ అంకె మిగిలినదంతయు నిక్కచ్చిగ చెప్పుచున్నది.

ఇక ఫర్హా కూర్చున్న కుర్చీలో కూర్చుండి చూతము. అతనికి తెలిసినవి ఏడు ముక్కలు, తెలియనివి 45. ప్రత్యర్థి చేతిలో ఉండగల జతలు 990. వీటిలో తొమ్మిదుల జతను ఓడించునవి యెన్ని? రెండు ఇస్పేటులు 36; మూడు విధములైన వరుసలు, ఇస్పేటులు మినహాయించి, 45; మూడేసి ఒకేరకము కుదురునవి 13; రెండేసి జతలు 77; పది మొదలు ఆసు వరకు గల పెద్దజతలు 27; తొమ్మిదితోపాటు ఆసుగాని రాజుగాని గలవి 16. మొత్తము 214. సమానమగునవి ఆరు. తక్కిన 770 చేతులపై ఫర్హాయే విజేత. 990లో 770 అనగా సరిగ తొమ్మిదింట ఏడు. కావున ఒకే క్షణమున, ఒకే బల్లయొద్ద, ఫర్హా గెలుపునకు ప్రేక్షకుడు నూరు శాతమనుచున్నాడు. ఆటగాని కేవలగణన నూటికి 78కి దరిదాపు అనుచున్నది. రెండును తప్పుగావు. సంభావ్యత ముక్కలలో నుండు గుణము కాదు. వాటినిగూర్చి ఎవరి కెంత తెలియునో దాని కొలత.

అయినచో తొమ్మిదింట ఏడు గెలిచెడి చేతిని ఏల పడవైచెను? ప్రత్యర్థి 990 చేతులలో దేనినైన సమానముగ పట్టుకొనియుండునని తలచుట, వాడు నిద్రించుచుండగా మాత్రమే సరియగును. వాడు బిళ్ళలన్నియు నెట్టినాడు. ఇది ఒక వార్త. వార్త వచ్చినపుడు పూర్వపు అంచనాను ఎట్లు సవరించుకొనవలెనో పదునెనిమిదవ శతాబ్దమున థామస్ బేయీజ్ అను ఆంగ్ల మతాచార్యుడు సూత్రీకరించెను. ఓడించగల 214 చేతులతోను వాడు తప్పక పందెము వేయుననుకొందము; ఓడిపోవు 770 చేతులతో ఎన్నిటితో సాహసించును? కుప్పలో ఎంతయున్నదో అంత పందెము వచ్చినదనుకొన్నచో, ఫర్హా ఒకటి వేసి రెండు గెలువవచ్చును గావున, మూడింట ఒకమారు ఎదుటివాడు బుకాయించినను అతనికి నష్టము లేదు. అనగా 214కు సగము, 107 చేతులతో వాడు బుకాయించువాడైనచో సరిపెట్టుటయు తప్పుకొనుటయు సమానము. 770లో 107 అనగా ఏడింట ఒకటికి కొంచెము లోపు. కాబట్టి ఫర్హా ముందున్న నిజమైన ప్రశ్న ముక్కలను గూర్చినది గానేకాదు: ఈ టెనెసీ అకౌంటెంటు, ప్రపంచపు పోటీ తుదియాటలో, చేత ఏమియు లేనపుడు, ఏడుమార్లలో ఒకమారైన ఇట్టి సాహసము చేయగలవాడా? మొదటిసారి ఇంత పెద్దయాట ఆడుచున్నవాడు చేయడని తలచుట మూర్ఖత్వము కాదు. ఆ తలంపునే మనీమేకర్ కొల్లగొట్టెను.

బుకాయింపు వంచన గాదనియు, గణితము విధించు ధర్మమనియు తొలుత నిరూపించినవాడు జాన్ వాన్ నాయిమన్ అను గణితజ్ఞుడు. 1928లో ఆయన వ్రాసిన పత్రమునుండి పుట్టిన ఆటల సిద్ధాంతము 1944లో మార్గెన్‌స్టెర్న్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కలిసి రచించిన బృహద్గ్రంథమున పూర్ణరూపము దాల్చెను. ఆ గ్రంథమందు పోకర్‌కు ప్రత్యేకముగ ఒక భాగమున్నది. మంచి చేయి వచ్చినపుడు మాత్రమే పందెము వేయువానిని లోకము త్వరలోనే గుర్తించి, వాడు వేయగనే అందరును తప్పుకొందురు. అప్పుడు వాని మంచి చేతికి ప్రతిఫలమే లేకపోవును. కావున అప్పుడప్పుడు చెడ్డ చేతితోను వేయవలెను. ఆశ్చర్యమేమన, వాన్ నాయిమన్ సరళీకరించిన ఆటలో బుకాయించుటకు తగినవి మధ్యమములు గావు, అధమములు. మధ్యమమైన చేయి ఊరక చూపించినను ఒక్కొక్కప్పుడు గెలుచును గాని, అధమమైనదానికి బుకాయింపు తప్ప వేరు గతిలేదు.

ప్రేక్షకునికి బల్లకెమెరా ఇచ్చిన సర్వజ్ఞత్వము వాని బుద్ధికి ఒక వికారమును గూడ తెచ్చినది. ముక్కలన్నియు కనబడుచుండగా ఫర్హా తప్పుకొనుట చూచి, ‘అయ్యో, గెలిచే చేయి వదలుకొన్నాడే!’ అని ప్రతివాడును వాపోవును. జరిగిపోయినది తెలిసిన పిదప, అది ముందే తెలియదగియుండినట్లు మనస్సు తోపింపజేయునని బారూక్ ఫిష్‌హాఫ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1975లో ప్రయోగములతో చూపెను; ఒకే నిర్ణయమును, ఫలితము మంచిదైనచో వివేకమనియు, చెడ్డదైనచో అవివేకమనియు జనులు తీర్పు చెప్పుదురని బేరన్, హెర్షీ అనువారు 1988లో చూపిరి. ఈ రెండు దోషములకును ఇంతకంటె అనువైన పాఠశాల లేదు. తెరక్రింది భాగమున ముక్కలు చూపుచోట అడ్డముగ ఒక కాగితము అంటించి చూచు అలవాటు గలవారికి ఆట సగమైన అర్థమగునని నా అభిప్రాయము. రుచి తగ్గుననుట నిజమే.

మరియొక వికారము కత్తెర వలన కలుగునది. చేతికి రెండు ఆసులు వచ్చు అవకాశము 221లో ఒకటి. కాసినో బల్లమీద గంటకు ముప్పది ఆటలకు అటునిటుగా సాగును గావున, ఒక ఆటగాడు ఏడు గంటలకు పైగ కూర్చున్నగాని ఆసుల జత సగటున ఒకమారు చూడజాలడు. టెలివిజన్ ముందు కూర్చున్నవానికి అది గంటకొకటి తప్పక కనబడును. ఎదుటివాని చేతిలో రాజుల జతయు తరచుగ కనబడును. ఆసుల జత రాజుల జతపై నూటికి 82 మార్లు గెలుచును. కాని కూర్పరికి కావలసినది మిగిలిన పదునెనిమిది. రోజులకొలది సాగిన ఆటను కొలది గంటలకు కుదించునపుడు, పందెము వేయుట, అందరును తప్పుకొనుట, మరల పంచుట అను విసుగుపుట్టించు నూటికి తొంబది పాళ్ళును నేలరాలిపోవును. మనస్సునకు సులభముగ తట్టునదే లోకమున తరచుగ జరుగునదని మనుష్యుడు భ్రమించునని ట్వర్‌స్కీ, కానెమాన్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1973లో వివరించిరి. ఓర్పు అను పోకర్‌విద్యలో పెద్దపాలును టెలివిజన్ ఈ విధముగ కత్తిరించి, సాహసమును మిగిల్చినది.

తత్ఫలితము అంకెలలో చూడవచ్చును. 2003లో 839 మంది పాల్గొన్న ప్రధానపోటీలో 2004లో 2,576 మందియు, 2005లో 5,619 మందియు, 2006లో 8,773 మందియు పాల్గొనిరి. గెలిచిన అకౌంటెంటును అందరును చూచిరి. అతడు గెలిచిన యేట ఓడిపోయిన 838 మందిలో ఎందరు అకౌంటెంటులో ఎవరును చూడలేదు. 2006 నాటి విజేతకు కోటి ఇరువది లక్షల డాలర్లు దక్కినవి. ఆ సొమ్ము ఓడినవారి రుసుములనుండియే వచ్చినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది విద్యయా, అదృష్టమా అను వివాదమునకు తెలుగునేలపైనను ఒక ప్రసిద్ధమైన తీర్పు మూలమైనది. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు వరకు పోగా, 1967 నవంబరులో న్యాయమూర్తులు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలసియుండుటచేతను, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుటకు నేర్పు కావలసియుండుటచేతను, రమ్మీ ప్రధానముగ నైపుణ్యపు ఆటయనియు, మూడు ముక్కలాట కేవలము అదృష్టాధీనమనియు చెప్పిరి. ఆన్‌లైన్ పందెపు ఆటల విషయమున తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధము విధించుచు ఈ భేదమును ప్రక్కకు నెట్టినవి. అది శాసనకర్తల విషయము. శాస్త్రదృష్టిలో మాత్రము ‘అదియా, ఇదియా’ అను ప్రశ్నయే సరికాదు. ‘ఎన్ని ఆటల పిమ్మట?’ అని అడుగవలెను. ఒక్క ఆటలో అదృష్టమే ప్రభువు. ఆటలు పెరిగినకొలది సగటుయొక్క చాంచల్యము తగ్గును గాని, ఆటల సంఖ్య నాలుగింతలైన గాని చాంచల్యము సగము కాదు. గంటకు ముప్పది ఆటలు సాగు బల్లయొద్ద ఒక పోటీ పొడుగున ఒక్కొక్కడు ఆడగలిగిన ఆటలు ఎవరు మేటియో తేల్చుటకు చాలవు. అయినను ఒకనికి కంకణము తొడిగి మేటియని ప్రకటింతురు.

తేల్చుటకు ఎన్ని కావలెనో పిట్స్‌బర్గ్ నగరమున జరిగిన రెండు పరీక్షలు తెలుపుచున్నవి. 2015లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారి క్లాడికో అను కంప్యూటర్ కార్యక్రమము మనుష్యులతో 80,000 ఆటలు ఆడి ఓడినది. అయినను అంతరము చిన్నదనియు, నిర్ణాయకము గాదనియు దాని కర్తలు వాదించిరి. 2017 జనవరిలో టువోమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ అనువారు నిర్మించిన లిబ్రేటస్‌ను నలుగురు ఉద్దండులైన వృత్తి ఆటగాండ్రకు ఎదురుగ నిలిపి, ఇరువది దినములలో 1,20,000 ఆటలు ఆడించిరి. అదృష్టమును వడకట్టుటకు వారు చేసిన యేర్పాటు ముచ్చటైనది. ఒకచోట ఒక ఆటగానికి ఏ ముక్కలు వచ్చినవో, వేరొకచోట అతని జోడుకానికి ఎదురుగ నున్న యంత్రమునకు అవే ముక్కలు వచ్చును. ఇక్కడ యంత్రమునకు వచ్చినవి అక్కడ మనుష్యునికి వచ్చును. ఒకరికి ఆసులు వచ్చిన అదృష్టము ప్రక్కగదిలో తిరుగబడి రద్దగును. యంత్రము 17 లక్షల 66 వేలకు పైగా బిళ్ళల ఆధిక్యముతో గెలిచినది. ఈసారి ఎవరును వాదమునకు దిగలేదు.

ఓడినవారు ప్రతిరాత్రియు కూర్చుండి ఆనాటి ఆటలు పరిశీలించి, యంత్రముయొక్క లోపములను వెదకుచుండిరి. తెల్లవారునప్పటికి ఆ లోపములను యంత్రమే పూడ్చుకొనుచుండెను. ఏలయన మనుష్యులు దానిని ఏయే పందెములతో ఎక్కువగ పరీక్షించుచుండిరో ఆ చోట్లనే అది రాత్రివేళ తన ఎత్తుగడలను మరల లెక్కించుకొనునట్లు కర్తలు అమర్చియుండిరి. కుప్పలో ఉన్నదానికి ఎన్నో రెట్లు మించిన పందెములు అది సంకోచము లేక వేయుచుండెను. మనుష్యులలో అట్టివి అప్పటికి అరుదు, వేసినవానిని అనుభవములేనివాడని నవ్వుట ఆచారముగ నుండెను. నేడు టెలివిజన్ పోటీలలో యువకులు అట్టి పందెములనే వేయుచున్నారు, వ్యాఖ్యాతలును నవ్వుట మానినారు.